ఫిజీ భాష - ధ్వనులు, మాండలికాలు

ఫిజీ భాష దక్షిణ పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ ద్వీపాల మూలవాసులు మాట్లాడే భాష. ఇది ఆస్ట్రొనేషియన్ భాషా కుటుంబానికి చెందినది. ఆ ప్రజలు తమ భాషను "వొస వకవితి", అనగా "వితి పద్ధతిలో మాట" అని పిలుచుకుంటారు. ఫిజీలో మూడు వందలకు పైగా ద్వీపాలు ఉండగా, వాటిలో సుమారు వందింటిలో మాత్రమే జనావాసాలు కలవు. పెద్దవి రెండు: వితి లెవు, వనువ లెవు. 2017 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభా 8,84,887. ఇందులో మూలవాసులే అధికులు. 2010 నుండి ప్రభుత్వ చట్టాలలో వీరిని "ఇతౌకెయి" అని, వీరి భాషను ఇతౌకెయి భాష అని వ్యవహరిస్తున్నారు.

తెలుగువారికి ఈ భాషతో నూట ఇరవై ఏళ్ళకు పైబడిన పరిచయం ఉన్నది. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవు ద్వారా ఒప్పంద కూలీలుగా ఫిజీకి వెళ్ళిన సుమారు 15 వేల మందిలో నాటి విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల వారు కూడా ఉన్నారు. అయినప్పటికీ ఆ దేశపు ఊళ్ళ పేర్లను మనం నేటికీ సరిగా వ్రాయడం లేదు. మన పత్రికలలో "నాడి" అని కనిపించే ఊరి అసలు పేరు "నంది". "బా" అని వ్రాసే ఊరు "మ్బా". "సిగటోకా" నిజానికి "సిఙతొక". ఈ తేడా ఎందుకు వచ్చినదో తెలియాలంటే ఆ భాష లిపిని, ధ్వనులను కొంత పరిశీలించాలి. (ఈ వ్యాసంలో పేర్లను స్థానిక ఉచ్చారణకు దగ్గరగా వ్రాయడం జరిగినది.)

పేరు

"ఫిజీ" అన్న మాట ఫిజీ భాషది కాదు. ఆ ద్వీపాల స్థానిక నామం "వితి". తూర్పున ఉన్న టోంగా ద్వీపవాసులు దీనిని తమ ఉచ్చారణలో "ఫిసి" అనేవారు. ఐరోపా నావికులు ముందుగా ఈ పేరును టోంగా వారి నోట విన్నారు. అదే ఆంగ్లంలో "ఫిజి" అయినది. విచిత్రమేమంటే ప్రామాణిక ఫిజీ భాష సొంత మాటలలో "ఫ" గాని, "జ" గాని లేవు. తన భాషలో లేని రెండు హల్లులతో ప్రపంచానికి పరిచయమైన దేశమిది.

భాషా కుటుంబం

ఆస్ట్రొనేషియన్ భాషలు పడమట మడగాస్కర్ నుండి తూర్పున ఈస్టర్ ద్వీపం వరకు, ఉత్తరాన తైవాన్ నుండి దక్షిణాన న్యూజీలాండ్ వరకు వ్యాపించి ఉన్నాయి. తెలుగువారికి బాగా పరిచయమైన మలయ్ భాష ఈ కుటుంబంలోనిదే. మన అండమాన్ నికోబార్ దీవులలోని నికోబారీ భాషలను కొందరు ఈ కుటుంబానికి చెందినవిగా పొరబడతారు. అవి ఆస్ట్రో ఏషియాటిక్ భాషలు. మన ఉత్తరాంధ్ర మన్యంలోని సవర భాషకు దూరపు చుట్టాలు.

ఈ కుటుంబపు బంధుత్వం అంకెలలో స్పష్టంగా కనిపిస్తుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది అనే అంకెలను ఫిజీ భాషలో వితు, వలు, దివ అంటారు. సముద్రాలకు ఆవల ఆఫ్రికా తీరాన ఉన్న మడగాస్కర్‌లో అవే ఫితు, వాలు, సివి. హవాయీలో హికు, వలు, ఇవ. కన్నును మలయ్, ఫిజీ భాషలు రెండూ "మత" అంటాయి. చేప ఫిజీలో "ఇక", మలయ్‌లో "ఇకన్". అయితే పోలిక ఉన్నదని తొందరపడరాదు. ఫిజీలో "న్దువ" అనగా ఒకటి, మలయ్‌లో "దువ" అనగా రెండు!

చోడవరం, అనకాపల్లి ప్రాంతాల పాఠకులకు ఆసక్తి కలిగించే మాట చెరకు. ఫిజీ భాషలో చెరకును "న్దొవు" అంటారు. మలయ్‌లో "తెబు", హవాయీలో "కో". ఇవన్నీ ఒకే మూలపదం నుండి వచ్చినవి. చక్కెర మిల్లులు పుట్టక మునుపే, సుమారు మూడు వేల ఏళ్ళ క్రితం ఫిజీకి పడవలలో చేరిన తొలి మానవులు ఈ మాటను తమతో తెచ్చుకున్నారు.

ఆస్ట్రొనేషియన్ కుటుంబంలోని ఓషియానిక్ శాఖలో ఫిజీ భాషకు దగ్గరి బంధువులు టోంగా, సమోవా వంటి పోలినీషియన్ భాషలు, రొటుమా ద్వీప భాష. రొటుమా రాజకీయంగా ఫిజీలో భాగమే అయినా ఆ భాష ఫిజీ మాండలికం కాదు, వేరే భాష.

లిపి: ఒక ధ్వనికి ఒక అక్షరం

ఫిజీ భాషకు పూర్వం లిపి లేదు. 1835లో డేవిడ్ కార్గిల్, విలియం క్రాస్ అనే మెథడిస్టు మిషనరీలు టోంగా నుండి లకెంబ ద్వీపానికి వచ్చారు. కార్గిల్ స్కాట్లండులోని ఎబర్డీన్‌లో చదివిన పట్టభద్రుడు, భాషలలో చక్కని ప్రవేశం కలవాడు. రోమను లిపిలో ఫిజీ భాషను వ్రాసే పద్ధతి ప్రధానంగా ఆయన కృషి.

మొదట "మ్బ" అనే ధ్వనికి ఎం, బి అక్షరాలను జతచేసి వ్రాశారు. చదవడం నేర్చుకుంటున్న ఫిజీవారికి ఇది నచ్చలేదు. వారి చెవికి అది రెండు హల్లుల కలయిక కాదు, ఒకే హల్లు. రెండు అక్షరాలు కనబడితే మధ్యలో ఒక అచ్చు చేర్చి రెండుగా చదివేవారు. అందుచేత కార్గిల్ తన పద్ధతిని మార్చుకుని, ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క అక్షరాన్నే కేటాయించాడు. పండితుడు తన పుస్తకాన్ని గాక పలికేవారి చెవిని నమ్మిన సందర్భమిది. ఈ లిపి పెద్ద మార్పులు లేకుండా నేటికీ వాడుకలో ఉండటానికి కారణం అదేనని చెప్పవచ్చును.

ఆ ఏర్పాటు ఇది. బి అక్షరాన్ని "మ్బ"గా, డి అక్షరాన్ని "న్ద"గా, క్యూ అక్షరాన్ని "ఙ్గ"గా పలకాలి. జి అక్షరం "గ" కాదు, అనునాసికమైన "ఙ". సి అక్షరం "స" గాని "క" గాని కాదు, ఆంగ్లంలో "దిస్", "దట్" అనే మాటల మొదట వినిపించే ఊష్మమైన "ద". ఈ ఐదు గుర్తుంచుకుంటే ఫిజీ భాషను తప్పులేకుండా చదవవచ్చును. ఇవి తెలియని విదేశీయులే నందిని "నాడి"గా, మ్బెఙ్గ ద్వీపాన్ని "బెకా"గా, దకొంబౌ రాజును "కాకోబావ్"గా చదువుతారు.

హల్లులు

ప్రామాణిక ఫిజీ భాష హల్లులలో గమనించవలసిన విశేషం: మన బ, ద, గ వంటి శుద్ధ నాద స్పర్శాలు ఇందులో లేవు. వాటికి ముందు ఎప్పుడూ సున్న ఉంటుంది. "మ్బుల" (జీవితం, నమస్కారానికి బదులుగా కూడా ఇదే మాట), "న్దలొ" (చేమదుంప జాతి దుంప), "వఙ్గ" (పడవ) అన్న మాటలను చూడండి. తెలుగులో "అంబ", "కంద", "గంగ" అనే మాటల నడుమ ఈ కలయికలు ఉన్నాయి కాబట్టి మనకు నోరు తిరగకపోదు. తేడా రెండు విషయాలలో ఉన్నది. మొదటిది, ఫిజీలో ఇవి మాట మొదట కూడా వస్తాయి. రెండవది, మన "అంబ"లో సున్న మొదటి అక్షరానికి చెంది దానిని గురువుగా మారుస్తుంది. ఫిజీలో "లంబస" అనే ఊరి పేరును విడదీస్తే ల - మ్బ - స అవుతుంది, సున్న రెండవ అక్షరానికే అంటుకుని ఉంటుంది. ఛందస్సు నేర్చినవారు మొదటి అక్షరాన్ని లఘువుగా పలికి చూస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఇటువంటి హల్లులు సింహళ భాషలో ఉన్నాయి, వాటికి అక్కడ ప్రత్యేక అక్షరాలు కూడా కలవు.

నాల్గవది "న్ద్ర" అనే ధ్వని. నాలుక కొన పళ్ళ వెనుక భాగాన్ని తాకి వెంటనే కంపిస్తుంది. ఆకును "న్ద్రౌ" అంటారు. రోమను లిపిలో దీనికి మాత్రం డి, ఆర్ అనే రెండు అక్షరాలు వాడుతారు.

"ఙ" గురించి ఒక మాట. మన వర్ణమాలలో ఇది క-వర్గు చివర బుద్ధిగా కూర్చుని ఉంటుంది. బడిలో దిద్దించినంత వరకే గాని, తెలుగు మాటలలో ఒంటరిగా దీనికి పని లేదు. ఫిజీ భాషకు ఇది నిత్యావసరం. "ఙొనె" అనగా బిడ్డ, "తురఙ" అనగా నాయకుడు, "దఙి" అనగా గాలి. ఆంగ్ల లిపిలో సరైన అక్షరం లేక జి ని అరువు తెచ్చుకోవలసి వచ్చిన ఈ ధ్వనికి తెలుగు లిపిలో సిద్ధంగా అక్షరం ఉండి కూడా మనం "గ" అని వ్రాయడం విచారకరం.

"త" మన దంత్య "త" వంటిదే, ఆంగ్ల "ట" కాదు. "వ"ను రెండు పెదవులూ దగ్గరకు చేర్చి గాలిని ఒరిపిడిగా వదులుతూ పలుకుతారు. మహాప్రాణాలు లేవు. "ప", "ఫ", "జ" ప్రామాణిక భాషలో పరభాషా పదాలలో వినిపిస్తాయి.

అచ్చులు

అచ్చుల విషయంలో తెలుగువారికి శ్రమ లేదు. అ, ఎ, ఇ, ఒ, ఉ అనే ఐదు హ్రస్వాలు, వాటి ఐదు దీర్ఘాలు. హ్రస్వ ఎకార ఒకారాలు సంస్కృతంలో లేవు గాని తెలుగులో, ఫిజీలో ఉన్నాయి. హ్రస్వ దీర్ఘ భేదం వల్ల అర్థం మారుతుంది. "న్ద్రెన్ద్రె" అనగా నవ్వు, "న్ద్రేన్ద్రే" అనగా కష్టం. అయితే వాడుక వ్రాతలో దీర్ఘానికి గుర్తు పెట్టరు. నవ్వు, కష్టం రెండూ కాగితం మీద ఒకే విధంగా కనిపిస్తాయి! సందర్భాన్ని బట్టి గ్రహించవలసిందే. నిఘంటువులలో, వ్యాకరణాలలో మాత్రం అచ్చుపై అడ్డగీత పెడతారు.

ఊనిక సాధారణంగా చివరి నుండి రెండవ అక్షరంపై ఉంటుంది. చివరి అచ్చు దీర్ఘమైతే దానిపై పడుతుంది.

అజంత భాష

తెలుగు వలెనే ఫిజీ అజంత భాష. నిజానికి మనకంటె నియమం గట్టిది. ప్రతి పదమే కాదు, ప్రతి అక్షరం అచ్చుతోనే ముగియాలి. ద్విత్వాలు లేవు, పైన చెప్పిన సున్నతో కూడిన హల్లులు తప్ప సంయుక్తాలు లేవు. మనం "బస్" చివర ఉకారం చేర్చి "బస్సు" అన్నట్లు వారు పరభాషా పదాలకు అచ్చులు చేర్చుకుంటారు. స్టీమరు "సితిమ" అయినది, స్టోరు "సితొవ" అయినది, క్రిస్మస్ "కిరిసిమసి" అయినది. ఫిజీకి పశువులు కొత్తగా వచ్చినపుడు ఆంగ్లేయులు ఎద్దును, ఆవును కలిపి చెప్పిన "బుల్ అండ్ కౌ" అన్న మాటలు ఒకటిగా వినిపించి "మ్బులుమకౌ" అయినవి. ఇప్పుడు ఆవు అన్నా, గొడ్డుమాంసం అన్నా అదే మాట. కొన్నిటికి సొంత మాటలనే కూర్చుకున్నారు. విమానాన్ని "వఙ్గవుక", అనగా ఎగిరే పడవ అంటారు.

భారతదేశానికి వారి పేరును రోమను లిపిలో ఐ-డి-ఐ-ఎ అని వ్రాస్తారు. చూపుకు "ఇడియా"లా ఉంటుంది. డి అక్షరంలోనే సున్న ఇమిడి ఉన్నది కనుక చదివితే "ఇందియ" అవుతుంది. భారతీయులను "కై ఇందియ" అంటారు. లిపిలో ఎన్ లేకపోవడం తప్పు కాదని, అది ఆ లిపి సొగసని దీనివల్ల తెలుస్తుంది.

మాండలికాలు

ఫిజీలో ఊరూరికీ మాట మారుతుంది. ఒక్కొక్క చిన్న సమాజానికి ప్రత్యేకమైన ఇటువంటి పలుకుబడులు సుమారు మూడు వందల వరకు ఉన్నాయని భాషాశాస్త్రవేత్తలు గుర్తించారు. వీటిని రెండు పెద్ద సముదాయాలుగా విభజిస్తారు. వితి లెవు ద్వీపం నడుమ ఉన్న కొండల మీదుగా ఉత్తర దక్షిణాలుగా ఒక గీత గీస్తే, దానికి పడమటి వైపువి పశ్చిమ ఫిజీ మాండలికాలు. తూర్పు వితి లెవు, వనువ లెవు, తవెఉని, కన్దవు, లౌ ద్వీపాలవి తూర్పు ఫిజీ మాండలికాలు. 1971లో ఆండ్రూ పాలీ, తిమొది సయంబ ఈ విభజనను వివరంగా నిరూపించారు. 1983లో పాల్ జెరాటీ తన గ్రంథంలో ఫిజీ భాషల చరిత్రను సమగ్రంగా చర్చించాడు.

ఈ రెండు సముదాయాల మధ్య దూరం చిన్నది కాదు. అలవాటు లేని తూర్పువానికి పశ్చిమ గ్రామపు మాట అర్థం కాదు. అందుచేత చాలామంది పండితులు వీటిని రెండు భాషలుగానే పరిగణిస్తారు. పలకరింపులోనే తేడా తెలుస్తుంది. తూర్పున, ప్రామాణిక భాషలో "మ్బుల వినక" అంటే, పశ్చిమాన నంద్రొఙ, నంది ప్రాంతాలలో "దొల విన" అంటారు. పశ్చిమ మాండలికాలలో "క్వ", "ఙ్వ" వంటి పెదవులు గుండ్రంగా చుట్టి పలికే హల్లులు కూడా ఉన్నాయి, ప్రామాణిక భాషలో అవి లేవు.

తూర్పు సముదాయంలోనూ వైవిధ్యం తక్కువేమీ కాదు. వనువ లెవు తూర్పు భాగమైన దకౌన్ద్రొవెలోను, తవెఉని ద్వీపంలోను "క" లేదు. దాని స్థానంలో గొంతును క్షణకాలం మూసి తెరిచే కంఠమూలీయ స్పర్శం వస్తుంది. "వినక" అక్కడ "విన'అ" అవుతుంది. ఆర్. ఎం. డబ్ల్యు. డిక్సన్ 1988లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాకరణం ఈ తవెఉనిలోని మ్బౌమా పలుకుబడి గురించినదే. టోంగాకు పొరుగున ఉన్న లౌ ద్వీపాల భాషలో టోంగా ప్రభావం వినిపిస్తుంది.

జెరాటీ చేసిన మరొక ప్రతిపాదన ఆసక్తికరమైనది. పోలినీషియన్ భాషలకు మొత్తం ఫిజీ భాషతో కంటె, లౌ వంటి తూర్పు అంచు మాండలికాలతో ఎక్కువ దగ్గరితనం ఉన్నదని ఆయన చూపాడు. అంటే ఒకప్పుడు తూర్పు ఫిజీవారు, పోలినీషియన్ల పూర్వులు ఒకే భాషా సమాజం. పోలినీషియన్లు విడిపోయిన తరువాత తూర్పు, పశ్చిమ ఫిజీలు రాకపోకల వలన మళ్ళీ దగ్గరైనాయి. మాండలికాలు కొమ్మల వలె విడిపోవడమే గాక ఏరుల వలె కలుస్తాయి కూడా.

మ్బౌ భాష ప్రామాణికం కావడం

మ్బౌ అనేది వితి లెవు తూర్పు తీరాన ఉన్న చిన్న ద్వీపం. వైశాల్యం సుమారు ఎనిమిది హెక్టార్లు మాత్రమే, మన చెరకు రైతులలో ఒక పెద్ద కామందు పొలమంత. కాని 19వ శతాబ్దంలో దాని నాయకులు ఫిజీలో అత్యంత బలవంతులైనారు. మిషనరీలు మొదట లౌ, రెవ, సొమొసొమొ, మ్బౌ అనే నాలుగు మాండలికాలలో పుస్తకాలు అచ్చువేశారు. నాలుగింటికీ మనుషులు, కాగితం, కాలం చాలక 1843లో మ్బౌ భాషనే ప్రధానంగా ఎంచుకున్నారు. 1847లో కొత్త నిబంధన, 1850లో డేవిడ్ హేజిల్‌వుడ్ నిఘంటువు, 1864లో బైబిలు మొత్తం అందులోనే వెలువడినవి. 1854లో మ్బౌ నాయకుడు దకొంబౌ క్రైస్తవం స్వీకరించాడు. 1874 అక్టోబరు 10న ఫిజీ బ్రిటిషు పాలనలోకి వెళ్ళినపుడు సంతకం చేసినవారిలో ప్రథముడు ఆయనే. చర్చి, బడి, కచేరీ మూడూ ఒకే భాషను చేపట్టాక అది ప్రామాణికం కావడంలో ఆశ్చర్యం లేదు.

అయితే పుస్తకాలలోని ప్రామాణిక భాష, మ్బౌ ద్వీపంలో మాట్లాడే భాష అచ్చంగా ఒకటి కావు. మిషనరీలకు పూర్వమే వివిధ ప్రాంతాల నాయకులు పరస్పరం మాట్లాడుకోవడానికి ఉపయోగించిన ఒక ఉమ్మడి భాష ఉండేదని, దానిపైనే ప్రామాణికం నిలిచినదని జెరాటీ అభిప్రాయం.

దీని ఫలితం పశ్చిమ గ్రామాల పిల్లలు అనుభవిస్తున్నారు. బడిలో వారికి "మాతృభాష" పేరిట నేర్పేది వారి ఇంటి భాష కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు గ్రాంథికంపై ఏ ప్రశ్న వేశారో, అదే ప్రశ్న నంద్రొఙ పిల్లవాడు కూడా వేయవచ్చును. మన గ్రాంథికం పూర్వకాలపు తెలుగే. అతనికి పాఠ్యపుస్తకం దాదాపు పొరుగు భాష. ప్రామాణిక భాష వల్ల దేశానికి ఒక్క మాట ఏర్పడిన మాట నిజమే. పడమటి పలుకుబడులు పుస్తకాలకు, బడికి దూరమై పలచబడుతున్న మాట కూడా నిజమే.

నిఘంటువులు, నేటి స్థితి

ఎ. కేపెల్ కూర్చిన ఫిజీ - ఆంగ్ల నిఘంటువు 1941లో వచ్చినది. ఫిజీ మాటలకు ఫిజీలోనే అర్థాలు చెప్పే నిఘంటువు పని 1970లలో మొదలై, 2005లో ప్రచురణ జరిగినది. దీనికి తొలుత ధన సహాయం చేసినవాడు అమెరికా నటుడు రేమండ్ బర్. ఆయనకు ఫిజీలో ఒక ద్వీపం ఉండేది. పిఠాపురం మహారాజా వారు సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకులైనట్లు అక్కడ ఒక సినిమా నటుడు పూనుకున్నాడన్నమాట.

1997 రాజ్యాంగం ఫిజీ, ఆంగ్లం, హిందుస్తానీ భాషలకు సమాన హోదా ఇచ్చినది. 2013 రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వాడుక ఇతౌకెయి భాషను, ఫిజీ హిందీని తప్పనిసరిగా బోధించాలి.

తెలుగువారు, ఫిజీ భాష

చెరకు తోటలు ఎక్కువగా పశ్చిమ వితి లెవులో నంది, లౌతొక, మ్బా ప్రాంతాలలో, వనువ లెవులో లంబస వద్ద ఉన్నాయి. కనుక పడమటి తోటలకు చేరిన తెలుగు కూలీల చుట్టుపక్కల గ్రామాలలో పలికినది పుస్తకాలలోని ప్రామాణిక భాష కాదు, పశ్చిమ ఫిజీ. తోటలలో యజమానులకు, వివిధ ద్వీపాల కూలీలకు మధ్య ఒక సంకర ఫిజీ భాష కూడా వాడుకలో ఉండేదని జెఫ్ సీగెల్ 1987లో ప్రచురించిన పరిశోధనలో వివరించాడు.

కూలీల మధ్య ఉమ్మడి భాషగా ఫిజీ హిందీ స్థిరపడినది. దక్షిణాది వారు దానినే నేర్చుకోవలసి వచ్చినది. 1926లో ఏర్పడిన సంగం, 1941లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం మన భాషా సంస్కృతుల కొరకు పాటుపడినా, ఇప్పుడు ఫిజీలోని తెలుగు ఇళ్ళలో సాధారణంగా వినిపించేది ఫిజీ హిందీయే. ఆ హిందీలోకి ఫిజీ మాటలు అనేకం చేరినవి. ఫిజీవారు ఒక మొక్క వేరును దంచి నీటిలో కలిపి త్రాగే పానీయాన్ని "యఙ్గొన" అంటారు. ఫిజీ హిందీలో అది "నంగోన" అయినది. రోమను లిపిలో ఈ మాట నడుమ ఉన్నది క్యూ అక్షరం. పుస్తకం చూసి నేర్చినవారైతే "యకోన" అనేవారు. చెవితో నేర్చిన కూలీలు సున్నను పోనీయలేదు.

నంది పట్టణంలో 1994లో పునర్నిర్మించిన సుబ్రహ్మణ్యస్వామి ఆలయం ప్రసిద్ధమైనది. శివాలయాల నందికి, ఈ ఊరి పేరుకు సంబంధం లేదు, పోలిక యాదృచ్ఛికం. అయినను తెలుగులో ఆ ఊరి పేరును "నంది" అని వ్రాస్తేనే ఒప్పు.

తెలుగులో వ్రాసేటప్పుడు

ఫిజీ పేర్లను ఆంగ్ల అక్షరాలను బట్టి గాక ధ్వనిని బట్టి తెలుగులో వ్రాయడం తేలిక. మాట నడుమ వచ్చే బి, డి, క్యూ అక్షరాలకు ముందు సున్న చేర్చి లంబస, నంది, మ్బెంగ అని వ్రాయవచ్చును. మాట మొదట మ్బౌ, న్దొవు అని పొల్లు హల్లుతో వ్రాయాలి. టి అక్షరానికి "ట" బదులు "త" వాడాలి. జి అక్షరానికి "ఙ" వాడటం ఉత్తమం. పాఠకునికి కొత్తగా తోచే చోట "సింగతొక" అని వ్రాసినా "సిగటోకా" కంటె మేలు. సి అక్షరపు ధ్వనికి తెలుగులో సరైన అక్షరం లేదు. "ద" దగ్గరగా ఉంటుంది. మనం "అది" అని తొందరగా అన్నపుడు నాలుక పళ్ళకు పూర్తిగా తగలకుండా వినిపించే "ద" దాదాపు అటువంటిదే.